మూడో కోడలు

దాణా మిల్లు ప్యాకింగ్ షెడ్డులోకి ఆ మిషన్ వచ్చిన పూటే దానికి పేరు కూడా పడిపోయింది. పెట్టింది బస్తాల మూతులు కుట్టే ఆవిడ. ఆవిడ కుట్టు మిషన్‌కైనా మధ్యమధ్యలో విరామం ఉంటుందేమో గానీ ఆవిడ నోటికి ఉండదు. కుట్టిన బస్తాలను ఎత్తి చెక్క పలకల మీద పేర్చే ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే ఇంటి కోడళ్ళు, అన్నదమ్ముల భార్యలు. షెడ్డులో వాళ్ళను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తారు. అసలు పేర్లు హాజరు వేసేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేవు.

"ఇదిగో, మీ ఇంటికి మూడో కోడలు దిగింది. ఇక మీ ఇద్దరి ఆటలూ కట్టు!" అంది కుట్టు ఆవిడ, పెట్టెలోంచి మిషన్‌ను బయటికి తీస్తుంటే.

అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది గానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు. వచ్చినదాన్ని కొత్త కోడలిని చూసినట్టే పైనుంచి కిందిదాకా చూసింది. నేలకు బిగించిన ఇనప స్తంభం, దాని మీద అటూ ఇటూ తిరిగే చెయ్యి, ఆ చేతికి వేలాడుతూ మడతలు మడతల గొట్టం. గొట్టం చివర వెడల్పాటి రబ్బరు మూతి, దాని పైన పట్టుకోవడానికి పిడి. గోడ పక్కన పెట్టెలో పంపు ఉంది. పంపు గాలిని పీలిస్తే మూతి బస్తాను కరుచుకుంటుంది, పిడి నొక్కితే గొట్టం ముడుచుకుని బస్తా గాల్లోకి లేస్తుంది. మిషన్‌తో పాటు వచ్చిన ఫిట్టరు ఒక్క చేత్తో బస్తా ఎత్తి, పలక మీద పెట్టి చూపించాడు. పెట్టి, నుదురు తుడుచుకోబోయి, తుడుచుకోవడానికి చెమటేమీ లేదని గ్రహించి చెయ్యి దించేశాడు.

సూపర్‌వైజరు ముందుకొచ్చాడు. "ఇది మీ మంచికేనమ్మా. నడుం నొప్పులూ భుజం నొప్పులూ ఉండకూడదని తెప్పించాం. ఇప్పటికే నొప్పులున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎందుకు లేస్తుంది? పోయిన వేసవిలో ఇలాగే అడిగితే ఇక్కడ పనిచేసే ఒక పొడుగావిడ చెయ్యెత్తింది. పాపం, నిజంగానే నడుం పట్టేసింది ఆవిడకి. మర్నాడు ఆవిడ చేతికి చీపురిచ్చారు. ఆ నెల తిరక్కుండా చీపురు కూడా తీసేసుకున్నారు. అప్పటినుంచి ఆ షెడ్డులో చెయ్యెత్తడమంటే చేతులెత్తేయడమే.

పెద్దకోడలు కుడిచేతిని కొంగు కింద దాచుకుంది. దాచవలసినంత గాయమేమీ పైకి కనిపించదు. కానీ ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసి చాలాకాలమైంది. ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

"మిషన్‌కి ఒక్క మనిషి చాలు," అన్నాడు సూపర్‌వైజరు. "ఈ వారం ఇద్దరూ నడిపి చూడండి. పొద్దున పూట చిన్నామె, మధ్యాహ్నం పెద్దామె. నడపనివాళ్ళు పక్కనుండి పేర్చినవి సర్దుతుండండి. ఎవరి చేతికి బాగా అలవాటైతే వాళ్ళకి మిషన్. రెండోవాళ్ళు లోడింగ్‌కి. శనివారం చెబుతాను."

లోడింగ్ అంటే లారీల దగ్గర. అక్కడ బస్తాను తలదాకా ఎత్తి పైవాడికి అందించాలి. తన భుజం సంగతి అక్కడ ఒక్క పూటలో బయటపడిపోతుంది. ఆ తర్వాత చీపురు, ఆ తర్వాత గేటు. పెద్దకోడలికి ఈ లెక్క కట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. పక్కకి తిరిగి తోడికోడలి మొహం చూసింది. చిన్నకోడలు ఫిట్టరు చేతుల వంకే కన్నార్పకుండా చూస్తోంది. 'అప్పుడే నేర్చేసుకుంటోంది మహాతల్లి' అనుకుంది పెద్దకోడలు.

ఆ ఇద్దరి మధ్యా ఇది కొత్తగా మొదలైన అనుమానమేమీ కాదు. అది ఫ్యాన్ దగ్గర మొదలైంది. ఇదివరకు బస్తాలు తిన్నగా ఉండే బెల్టు మీద వచ్చేవి. ఆర్నెల్ల కిందట దాని బదులు ఏటవాలుగా ఉండే రోలర్ల బల్ల పెట్టారు. కుట్టిన బస్తా దాని మీద జారుకుంటూ వచ్చి, అడుగు వైపు అడ్డుపట్టీకి ఆనుకుని ఆగుతుంది. బస్తా మూతి వైపు ఒకరు, అడుగు వైపు ఒకరు పట్టుకుని ఎత్తాలి. అడుగు వైపున్న స్తంభానికి ఫ్యాన్ ఉంది. షెడ్డు మొత్తానికీ గాలి తగిలే చోటు అదొక్కటే. బల్ల పెట్టిన కొన్నాళ్ళకు చిన్నకోడలు వచ్చి, "అక్కా, నువ్వు అటుండు, నేనిటుంటాను," అని చనువుగా భుజం పట్టి జరిపి ఫ్యాన్ కింద నిలబడింది. ఇక అంతే, ఆ చోటు వదల్లేదు. పెద్దకోడలు రోజంతా చెమటలు కక్కుతూ, తోడికోడలి కొంగు గాలికి రెపరెపలాడుతుంటే చూస్తూ పళ్ళు నూరుకునేది. అడిగి పోట్లాడితే అందరిలో అలుసైపోతాం. అందుకని అడగలేదు.

ఇంట్లోనూ అదే వరస. మిషన్ వచ్చిన సాయంత్రం పెద్దకోడలు వంటింట్లోకి వెళ్ళి పై అలమరలో పిండి డబ్బా కోసం చూస్తే అది లేదు. కింద అరలో ఉంది. పక్కనే నూనె సీసా, పెద్ద గిన్నె, అన్నీ కిందికి దిగి వరసగా కూర్చున్నాయి.

"ఎవరు సర్దారు ఇదంతా?" అంది.

"ఇంకెవరు, చిన్నదే," అంది అత్తగారు మంచం మీదనుంచి. "ఒక్కొక్కటే దించుతోంది నెల రోజులుగా. దానికలా సదుపాయంగా ఉందట. నాకెందుకొచ్చిన గొడవ? ఎక్కడ పెట్టినా వండి పెడితే చాలు నాకు."

పెద్దకోడలు డబ్బా బయటికి లాగింది. షెడ్డులో ఫ్యాన్, ఇంట్లో అలమర, రేపు మిషన్. అంతా క్రమంగా, చప్పుడు లేకుండా, నవ్వుతూ తన చేతిలోంచి జారిపోతోందని అనిపించింది. ఆ పూట చిన్నకోడలు, "అక్కా, పిండి నేను కలపనా?" అంటే, "నాకు చేతులు లేవా?" అని కసిరింది. అని, ఎడమచేత్తో కలిపింది.

మర్నాడు పొద్దున చిన్నకోడలు తువ్వాలును నడుముకి బిగించి చుట్టుకుని మిషన్ ముందు నిలబడింది. ఈ తువ్వాలు సోకు కూడా ఈమధ్యే మొదలైంది. నడుం సన్నగా కనబడాలని కాబోలు! చిన్నకోడలు రబ్బరు మూతిని బస్తా మీద పెట్టి, అరచేత్తో అటూ ఇటూ అదిమి, పిడి నొక్కింది. బస్తా బల్లపరుపుగా లేచింది. పలక మీదికి తిప్పి, మెల్లగా వదిలి, మూతిని కాస్త పక్కకు వంచితే అది బస్తాను విడిచిపెట్టింది. పొద్దుటి పూటంతా ఒక్క బస్తా కిందపడలేదు.

మధ్యాహ్నం పెద్దకోడలి వంతు. మూతిని సరిగ్గా బస్తా నడిమధ్యన పెట్టింది. బెత్తెడు అటు కాదు, బెత్తెడు ఇటు కాదు. బస్తాలు పేర్చడంలో వంక పెట్టించుకున్న మనిషి కాదు తను. పిడి నొక్కగానే బస్తా లేచింది, కానీ లేస్తూనే ఫ్యాన్ వైపుకి ఒరిగింది. ఒరిగిన చోట రబ్బరు అంచు లేచి, బుస్సుమని గాలి దూరి, బస్తా మళ్ళీ బల్ల మీద పడింది.

"అక్కా, మూతి కాస్త ఇటు జరిపి పెట్టు," అంది చిన్నకోడలు, పలక దగ్గరనుంచి.

"నువ్వు నాకు నేర్పొద్దు. నువ్వు ఈ ఇంటికి రాకముందునుంచీ నేను బస్తాలు పేరుస్తున్నాను," అంది పెద్దకోడలు.

అన్నదేగానీ, సాయంత్రం దాకా బస్తాలు ఒరుగుతూనే ఉన్నాయి. కొన్ని లేచాయి, కొన్ని జారాయి. సూపర్‌వైజరు తన గది అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు బయటికి వెళ్ళారు. పెద్దకోడలు మరిచిపోయిన మంచినీళ్ళ సీసా కోసం షెడ్డులోకి తిరిగొచ్చింది. పంపు పెట్టె మూత తీసి ఉంది. చిన్నకోడలు దాని ముందు గొంతుక్కూర్చుని, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి ఏదో చేస్తోంది. అడుగుల చప్పుడు విని ఉలిక్కిపడింది. లేవబోతూ గోడ పట్టుకుని, మెల్లగా, కాసేపు తీసుకుని లేచింది.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదక్కా. నువ్వు తిన్నావా?"

ఏం లేదట!  తన పూట మొదలయ్యే ముందు, ఎవరూ లేని వేళ, పెట్టెలో చెయ్యి. ఇంక చెప్పేదేముంది? ఆ మధ్యాహ్నం పెద్దకోడలు పెట్టె వంకే చూస్తూ పిడి పట్టుకుంది. నాలుగు బస్తాలు బాగానే లేచాయి. ఆ తర్వాతది గాల్లో బాగా పైకి లేచాక ఒరిగి, ఊడి, పలక మూలకి తగిలి పగిలింది. దాణా అంతా నేలపాలైంది. దుమ్ము లేచి అందరూ దగ్గారు. వెంట్రుకవాసిలో ఆమె పాదం తప్పింది.

ఆ దుమ్ములోనే పెద్దకోడలు తోడికోడలి మీదికి వెళ్ళింది.

"పొద్దున నీ చేతిలో పడని బస్తా మధ్యాహ్నం నా చేతిలోనే ఎందుకు పడుతుంది? ఆ పెట్టెలో చెయ్యి పెట్టి ఏం చేశావో అందరి ముందూ చెప్పు!"

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "లోపల ఫిల్టరుంటుంది కదక్కా, అది తీసి దుమ్ము దులిపాను. పూటపూటకీ దులిపితేనే పట్టు నిలుస్తుందని ఫిట్టరు చెప్పాడు. నీ పూటకి బాగుంటుందని..."

"నా కోసమా? నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందే నీకు? మరి చాటుగా ఎందుకు చేశావు?"

"చెప్పి చేస్తే వద్దంటావని."

"అబ్బబ్బ, ఏం మాటలు నేర్చావే! లోడింగ్‌లో నన్ను పడేసి మిషన్ నీదాన్ని చేసుకోవాలని చూస్తున్నావు. కావాలనే చేస్తున్నావు."

కుట్టు ఆవిడ సహితం కుట్టు ఆపేసి నోరు మూసుకుంది.  చిన్నకోడలు చీపురు తెచ్చి దాణా ఊడ్వడం మొదలుపెట్టింది. వంగినప్పుడు ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది. పెద్దకోడలు అది చూసింది. నటన అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఫిట్టరు వచ్చాడు. బస్తా పగిలిందని సూపర్‌వైజరే పిలిపించాడు. చిన్నకోడలిని పలకలు తేవడానికి వెనక గోదాముకి పంపారు. పెద్దకోడలు మాత్రం మిషన్ పక్కనుంచి కదల్లేదు. వాడు ఏం కనిపెడతాడో తన కళ్ళతో చూడాలి. తోడికోడలి దొంగపని ఋజువు కావాలి.

ఫిట్టరు పంపు మీటరు ముల్లు చూశాడు. రబ్బరు అంచు చుట్టూ వేలు తిప్పి పగుళ్ళు వెతికాడు. గొట్టం మడతలు ఒక్కొక్కటే విప్పి చూశాడు. పెట్టె మూత తీసి ఫిల్టరు బయటికి లాగాడు.

"దీన్నెవరో బాగా చూసుకుంటున్నారే! దాణా దుమ్ముకి ఈపాటికి పూడుకుపోవాలి. ఎవరు దులుపుతున్నారమ్మా?"

పెద్దకోడలు ఆ మాట దాటేసి, "మరి బస్తా ఎందుకు పడుతోంది?" అంది.

"ఎటు పడుతోంది?"

"ఒరిగి పడుతోంది. ఫ్యాన్ వైపుకి."

"ఎప్పుడూ అటేనా? ఒక్కసారైనా ఇటు ఒరిగిందా?"

ఆలోచించింది. ఒక్కసారి కూడా ఇటు ఒరగలేదు.

"మిషన్ పాడైతే ఎటైనా పడుతుందమ్మా. ఎప్పుడూ ఒకేవైపు పడుతోందంటే పాడైంది మిషన్ కాదు." ఫిట్టరు మూతిని బస్తా నడిమధ్యన పెట్టి, వేలెడు ఎత్తు లేపాడు. బస్తా ఫ్యాన్ వైపుకి వాలింది. దించి, మూతిని అడుగు వైపుకి జరిపి మళ్ళీ లేపాడు. ఈసారి బల్లపరుపుగా లేచింది. "చూశారా? కుట్టాక బస్తా మూతి దగ్గర ఖాళీ ఉంటుంది. పైగా ఏటవాలు మీద వస్తోంది కదా, లోపలి దాణా అంతా జారి అడుగుకి చేరుతుంది. నడిమధ్య అనేది కంటికే. బరువు అటుంది. ఇన్నాళ్ళూ చేతుల్తో ఎత్తినప్పుడు అటు పట్టుకున్నదెవరో గానీ, వాళ్ళ నడుం దేవుడికే తెలియాలి."

మాట అనేసి వాడు రెంచీ సంచిలో వేసుకుని, సంతకం కోసం సూపర్‌వైజరు గదికి వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు అక్కడే నిలబడిపోయింది. టీ గంట కొట్టారు, కుట్టు మిషన్ ఆగింది, అందరూ బయటికి నడిచారు. ఆమె బస్తా మూతి వైపు తన పాత చోటుకి వెళ్ళి, ఎడమచేత్తో అంచు పట్టి కాస్త లేపింది. లేచింది. చుట్టూ తిరిగి ఫ్యాన్ కిందికి వెళ్ళింది. చిన్నకోడలు జరిపినప్పటినుంచి ఆ చోట నిలబడటం అదే మొదటిసారి. గాలి మొహానికి కొట్టింది. వంగి, అదే ఎడమచేత్తో అడుగు పట్టి లేపబోయింది. బస్తా కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసింది. భుజంలో మెరుపు మెరిసినట్టు నొప్పి లేచి, చేతులు వదిలేసి బల్ల మీదికి వాలిపోయింది.

గాలి కోసం కాదన్నమాట. "అక్కా, నువ్వు అటుండు" అని భుజం పట్టి జరిపింది ఏ భుజాన్ని? ఎడమ భుజాన్ని. కుడి భుజం ముట్టుకోలేదు. అంటే అప్పటికే తెలుసు దానికి. పిండి డబ్బా కిందికి దిగింది తన సదుపాయానికి కాదు. నడుముకి బిగించిన తువ్వాలు సోకూ కాదు. గోడ పట్టుకుని లేవడం, వంగినప్పుడు నడుం మీద చెయ్యి వేసుకోవడం, అన్నీ తను చూసింది. కళ్ళతో చూస్తూనే ఉంది. ఇంత చూసి, ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు చూడలేదు. పెద్దకోడలికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఫ్యాన్ గాలిలో నిలబడి కూడా చెమటతో తడిసిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో చిన్నకోడలు తువ్వాలు విప్పి, వంటింటి గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. చల్లటి నేల మీద నడుం ఆనిస్తే కాస్త హాయి. పెద్దకోడలు వచ్చి పక్కన కూర్చుంది. గొడవైన దగ్గర్నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"నా భుజం సంగతి నీకెప్పుడు తెలిసింది?"

చిన్నకోడలు కప్పు వంకే చూస్తూ, "నువ్వు ఎడమచేత్తో జడేసుకోవడం మొదలెట్టినప్పుడు," అంది.

"అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా? పైగా నన్నే ఇంకో నాలుగు మాటలు అనేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

అది నిజమే. పెద్దకోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నువ్వైనా చెప్పొచ్చుగా, నడుం పోతోందని?"

"చెబితే మూతి వైపు నేనుండాలి, అడుగు వైపు నువ్వుండాలి. అప్పుడు నీ చెయ్యి ఊడొచ్చేది." పక్కకి ఒత్తిగిలి, "రేపు సూపర్‌వైజరు మిషన్ నాకిస్తాడక్కా. ఎలా కాదనాలో తెలీడం లేదు," అంది.

"ఎందుకు కాదనడం? ఆ నడుంతో లోడింగ్‌కి పోతావా?"

"నువ్వు ఆ భుజంతో పోతావా?"

 లోపలినుంచి అత్తగారు, "ఇద్దరూ ఒకచోట కూర్చున్నారంటే నా గురించే అయ్యుంటుంది," అంది.

శనివారం పని మొదలయ్యే ముందు సూపర్‌వైజరు అందర్నీ పోగుచేశాడు. "చిన్నామె చేతిలో ఒక్కటీ పడలేదు. మిషన్ చిన్నామెకి. పెద్దామె సోమవారం నుంచి లోడింగ్‌కి." చెప్పి వెళ్ళబోతూ ఆగాడు. "ఇంకోమాట. లోడింగ్ దగ్గర కూడా మిషన్ కావాలా అని పైవాళ్ళు అడుగుతున్నారు. నొప్పులున్నవాళ్ళు లేకపోతే దండగంటున్నారు. ఎవరైనా ఉంటే చేతులెత్తండి."

షెడ్డు షెడ్డంతా నేలచూపులు చూసింది. మాయమాటలని అందరికీ తెలుసు. పొడుగావిడని అడిగినప్పుడూ ఇంత మెత్తగానే అడిగారు. పెద్దకోడలికి కూడా ఆ మాట మీద రవ్వంత నమ్మకం లేదు. ఇప్పుడు చెయ్యెత్తితే సోమవారానికి చేతిలో చీపురుంటుంది. ఎత్తకపోతే పక్కనున్న ఈ పిల్ల ఏదో ఒక సాకు చెప్పి తన బదులు లోడింగ్‌కి పోతుంది. రాత్రి గచ్చు మీద పడుకుని దాని గురించే ఆలోచించి ఉంటుంది. ఆర్నెల్లు మోసింది చాలు.

కొంగు కిందనుంచి కుడిచెయ్యి బయటికి తీసి, ఎత్తింది.

"ఎవరది? ఎవరో కదిలినట్టుంది," అన్నాడు సూపర్‌వైజరు మునివేళ్ళ మీద లేచి చూస్తూ. "సరిగ్గా ఎత్తమ్మా, కనబడటం లేదు."

చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.  "ఇంతే లేస్తుంది సార్. ఇంతకన్నా లేవదు కాబట్టే ఎత్తాను."

 ఆమె చెయ్యి దించలేదు. "బస్తాలు నా చేతిలో పడింది మిషన్ తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు. మొన్న నేనన్న మాటలు తప్పు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను."

పక్కన ఇంకో చెయ్యి లేచింది. అది బాగా పైకే లేచింది, గాజులు గలగలమన్నాయి. "నాకు నడుం సార్," అంది చిన్నకోడలు.

"మిషన్ నీకే ఇచ్చాను కదమ్మా!"

"అవును సార్. ఇచ్చారని నొప్పి సంగతి చెప్పకుండా ఉండలేను కదా."

సూపర్‌వైజరు ఆ రెండు చేతులనూ మార్చి మార్చి చూశాడు. ఒకటి పైన, ఒకటి సగంలో. ఆయన మొహం చూసి ఏం ఆలోచిస్తున్నాడో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. "లోడింగ్ సంగతి సోమవారం మాట్లాడదాం. ఇవాళ్టికి ఇద్దరూ ఇక్కడే ఉండండి," అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. వెంటనే ఫోన్ ఎత్తడం అద్దంలోంచి కనిపించింది. ఎవరికి చేశాడో, మిషన్ కోసమో చీపురు కోసమో, పెద్దకోడలికి అంతుబట్టలేదు.

కుట్టు మిషన్ మొదలైంది. మొదటి బస్తా రోలర్ల మీద గడగడా జారుకుంటూ వచ్చి అడ్డుపట్టీకి ఆనింది. పెద్దకోడలు ఎడమచేత్తో పిడి పట్టుకుని, రబ్బరు మూతిని నడిమధ్యనుంచి అడుగు వైపుకి జరిపి పెట్టి, నొక్కింది. మూడో కోడలు కిమ్మనకుండా బస్తాను బల్లపరుపుగా ఎత్తుకుంది.

చిన్నకోడలు బస్తా మూతి వైపు దూరంగా నిలబడి చూస్తోంది.

"అక్కడేం చేస్తావు చెమటలో? ఇటు రా, గాలి తగులుతుంది," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు వచ్చి ఫ్యాన్ కింద తన పాత చోటులో నిలబడింది. అలవాటు కొద్దీ వంగబోయి, పట్టుకోవడానికి ఏమీ లేక, చేతులు వదిలేసి నిటారుగా నిలబడింది. కొంగు గాలికి రెపరెపలాడింది.